‘ఆనంద్’ చెప్పిన జబ్బు, చెప్పని వైద్యం

1971లో విడుదలైన హిందీ చిత్రం ‘ఆనంద్’ను మీలో కొందరైనా టీవీలో చూసే ఉంటారు. చూడనివారు ఇంట్లో పెద్దవాళ్ళ నోట దాని గురించి వినే ఉంటారు. హృషీకేశ్ ముఖర్జీ దర్శకత్వం, గుల్జార్ మాటలు, సలీల్ చౌదరి సంగీతం, రాజేష్ ఖన్నా నటన కలిసి ఆ చిత్రానికి చెరగని స్థానం తెచ్చిపెట్టాయి. అప్పటికి పెద్దగా పేరు లేని అమితాబ్ బచ్చన్‌కు కూడా అది మంచి గుర్తింపునిచ్చింది. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ బహుమతి పొందింది. సినిమాగా దాని గొప్పతనాన్ని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

అయితే సైన్స్ పత్రిక పాఠకులుగా మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ సినిమాలో హీరో జబ్బుకు స్పష్టమైన పేరుంది. పేగులో వచ్చిన లింఫోసార్కోమా అది. ఆ పేరును చాలామంది ప్రేక్షకులు మొదటిసారి విన్నది ఆ సినిమాలోనే అయివుండాలి. మరి ఆ జబ్బు గురించి సినిమా వారికి ఏం నేర్పింది? అందులో నిజమెంత?

కథలో జబ్బు ఎక్కడుంది?

కథ క్లుప్తంగా ఇది. భాస్కర్ బెనర్జీ బొంబాయిలో డాక్టరు. పేదల బస్తీల్లో తిరుగుతూ, ఆకలి వల్ల వచ్చిన జబ్బులకు తన దగ్గర మందు లేదని కుమిలిపోతుంటాడు. అతని మిత్రుడు డాక్టర్ ప్రకాశ్ కులకర్ణి దగ్గరికి, లేని జబ్బులను ఊహించుకునే ధనవంతులు కూడా వస్తుంటారు. అతను వారికి ఏదో ఒక మందు రాసి ఫీజు పుచ్చుకుంటాడు. ఇంతలో ఢిల్లీ నుంచి ఆనంద్ వస్తాడు. ఆరు నెలలకు మించి బతకడని అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. అయినా నవ్వుతూ, నవ్విస్తూ, దారినపోయే అపరిచితులను కూడా స్నేహితులుగా చేసుకుంటూ గడిపి, చివరకు కన్నుమూస్తాడు. తన జబ్బు పేరు ఎవరో వైస్రాయి పేరులా దర్జాగా ఉందని ఆనంద్ వేళాకోళం చేస్తాడు. సినిమాలో ఆ పేరుకు దక్కిన వివరణ దాదాపు అంతే.

గమనించండి. జబ్బు ఒక్కచోటనే ఉందా, శరీరమంతా పాకిందా? ఆపరేషన్ చేయవచ్చా? రేడియేషన్ ఇవ్వవచ్చా? మందులేమైనా ఉన్నాయా? ఇద్దరు డాక్టర్లు ప్రధాన పాత్రలుగా ఉన్న కథలో ఈ ప్రశ్నలకు చోటు దొరకలేదు. జబ్బు పేరు చెప్పడంతోనే వైద్యశాస్త్రం పని అయిపోతుంది. అక్కడి నుంచి మిగిలినదంతా మనిషి ధైర్యమే. జబ్బు కూడా కథకు అనుకూలంగా నడుస్తుంది. పేగులో లింఫోమా ఉన్నవారికి సాధారణంగా కడుపునొప్పి, వాంతులు, బరువు తగ్గడం, పేగు మూసుకుపోవడం, రక్తం పోవడం వంటి బాధలుంటాయి. ఆనంద్ మాత్రం చాలాభాగం ఉల్లాసంగా, చెక్కు చెదరకుండా కనిపిస్తాడు. ఇది చిన్న లోపం. సినిమా అన్నాక ఆ మాత్రం స్వేచ్ఛ ఉంటుంది. అసలు లోపం వైద్యం లేకపోవడమే. ఎందుకో తెలియాలంటే ముందు ఆ జబ్బేమిటో తెలుసుకోవాలి.

లింఫోమా అంటే?

మన శరీరంలో రక్తనాళాలతో పాటు లింఫ్ నాళాలనే మరో వల ఉంది. వాటి దారిలో అక్కడక్కడ చిక్కుడు గింజ ఆకారంలో చిన్న కణుపులుంటాయి. మెడలో, చంకల్లో, గజ్జల్లో, కడుపు లోపల ఇవి ఎక్కువ. కాలికి పుండు పడితే గజ్జలో బిళ్ళ కట్టిందంటామే, ఆ బిళ్ళ ఈ కణుపే. అందులో లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు ఉంటాయి. వీటిలో బి కణాలు, టి కణాలు ముఖ్యమైనవి. బి కణాల సంతతి ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. టి కణాల్లో కొన్ని సూక్ష్మజీవులు సోకిన కణాలను నేరుగా చంపుతాయి.

శత్రువు వచ్చినప్పుడు ఈ లింఫోసైట్లు త్వరత్వరగా విభజన చెంది సంఖ్య పెంచుకోవాలి. పని అయిపోగానే చాలావరకు చనిపోవాలి. జన్యువుల్లో మార్పుల వల్ల ఒక లింఫోసైటు ఈ రెండో నియమాన్ని మరచిపోతే, దాని సంతతి పెరుగుతూనే పోతుంది. అదే లింఫోమా. పేగు గోడలో కూడా లింఫోసైట్లు దండిగా ఉంటాయి కాబట్టి అక్కడా ఇది పుట్టవచ్చు.

లండన్‌లోని గైస్ ఆసుపత్రికి చెందిన థామస్ హాడ్జ్‌కిన్ 1832లో కణుపులు ఉబ్బిన కొందరు రోగుల గురించి రాశాడు. ఆ రకానికి ఆయన పేరే స్థిరపడింది. మిగిలినవన్నీ ‘నాన్ హాడ్జ్‌కిన్’ లింఫోమాలు. ఆనంద్ జబ్బు పేరైన ‘లింఫోసార్కోమా’ ఇప్పుడు వైద్య పుస్తకాల్లో వాడుకలో లేదు. ఆ పాత సంచిలో వేసిన జబ్బులన్నీ ఇవాళ వేరువేరు నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమాలుగా విడిపోయాయి. కొన్ని వారాల్లోనే పెరిగేవి, కొన్ని ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగేవి. వీటన్నిటికీ ఒకే జాతకం చెప్పడం కుదరదు.

మొదటి మందు ఈ జబ్బుకే

ఇక్కడ సినిమా తీసినవారు గమనించని ఒక విశేషం ఉంది. కేన్సర్‌కు మందు పనిచేస్తుందని ఆధునిక వైద్యానికి మొట్టమొదట చూపిన జబ్బుల్లో లింఫోసార్కోమాయే ముఖ్యమైనది.

మొదటి ప్రపంచ యుద్ధంలో మస్టర్డ్ వాయువు సోకిన సైనికుల్లో తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోవడం వైద్యులు గమనించారు. మామూలు లింఫోసైట్లను చంపే పదార్థం కేన్సర్‌గా మారిన లింఫోసైట్లను ఎందుకు చంపదు? అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో లూయీ గుడ్‌మన్, ఆల్‌ఫ్రెడ్ గిల్మన్ ఈ దిశగా ఆలోచించి, మస్టర్డ్ వాయువుకు దగ్గరి చుట్టమైన నైట్రోజన్ మస్టర్డ్‌ను ముందు ఎలుకల మీద పరీక్షించారు. 1942 ఆగస్టులో దాన్ని ఒక రోగికి ఎక్కించారు. అతని జబ్బు లింఫోసార్కోమా. రేడియేషన్‌కు కూడా లొంగని దశలో ఉన్నాడు. కొద్ది రోజుల్లోనే గడ్డలు కరిగిపోయాయి. కాని జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఆ ఏడాది డిసెంబరులో అతను చనిపోయాడు. యుద్ధ రహస్యాల కారణంగా ఈ సంగతి 1946 వరకు ప్రచురణకు నోచుకోలేదు.

అతను బతకలేదు. కాని మందుతో కేన్సర్ గడ్డ కరుగుతుందని తేలింది. ఇక మిగిలిన ప్రశ్న, దాన్ని మళ్ళీ రాకుండా చేయడం ఎలా అన్నది.

1971 నాటికి డాక్టర్లకు ఏం తెలుసు?

సినిమాకు న్యాయం చేయాలంటే దాన్ని దాని కాలంలో పెట్టి చూడాలి. 1971లో శరీరమంతా పాకిన లింఫోసార్కోమాతో వచ్చిన రోగి గురించి ఏ డాక్టరైనా నిరాశగా మాట్లాడితే అది అబద్ధం కాదు. ఆ మేరకు భాస్కర్‌ను తప్పుపట్టలేం.

అయినా ‘చేయగలిగిందేమీ లేదు’ అన్నది అప్పటికే పూర్తి నిజం కాకుండా పోయింది. జబ్బు ఒకేచోట ఉంటే ఆపరేషన్‌తోనో రేడియేషన్‌తోనో కొందరు బతికేవారు. ఆఫ్రికా పిల్లల్లో డెనిస్ బర్కిట్ 1958లో వర్ణించిన లింఫోమా, సైక్లోఫాస్ఫమైడ్ అనే ఒక్క మందుతోనే కొందరిలో నయమైంది. అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో విన్సెంట్ డివీటా బృందం 1964 నుంచి హాడ్జ్‌కిన్ జబ్బుకు నాలుగు మందులను కలిపి ఇచ్చి, 1970లో ఫలితాలు ప్రకటించింది. ముదిరిన రోగుల్లో కూడా సుమారు 80 శాతం మందిలో జబ్బు ఆనవాళ్ళు లేకుండా పోయాయి. వారిలో చాలామందికి అది తిరగబెట్టలేదు. లింఫోమా ఎంతవరకు పాకిందో నాలుగు దశలుగా లెక్కగట్టే ఆన్ ఆర్బర్ పద్ధతి రూపొందింది కూడా సరిగ్గా 1971లోనే. 1975లో అదే డివీటా బృందం, వేగంగా పెరిగే ఒక నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా ముదిరిన దశలో సైతం నయం కాగలదని ప్రకటించింది.

అంటే ‘ఆనంద్’ థియేటర్లలో ఆడుతున్న రోజుల్లోనే ఆ జబ్బు కథ మలుపు తిరుగుతోంది. సినిమా మాత్రం అక్కడే ఆగిపోయింది. పత్రికలో తప్పు పడితే మరుసటి సంచికలో సవరణ వేస్తాం. సినిమాకు సవరణ ఉండదు. 1971 నాటి నిరాశను అది ఇవాళ్టి ప్రేక్షకుడికి కూడా అంతే బలంగా చెబుతోంది.

నాలుగు మందులు, నాలుగు దెబ్బలు

1970ల నుంచి నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమాలకు ప్రధాన వైద్యంగా నిలిచిన మందుల కలయికను ‘చాప్’ అంటారు. ఇందులో నాలుగు మందులున్నాయి. ఒక్కొక్కటి ఎక్కడ దెబ్బ తీస్తుందో చూడండి.

మొదటిది సైక్లోఫాస్ఫమైడ్. ఇది నైట్రోజన్ మస్టర్డ్ కుటుంబానిదే. డీఎన్ఏ నిచ్చెనలోని రెండు కమ్మీలను ఒకదానికొకటి అతికించేస్తుంది. అవి విడిపోలేకపోతే కణం విభజన చెందలేదు. రెండవది డాక్సోరూబిసిన్, ఎర్రని మందు. డీఎన్ఏ మెలికలు విప్పే ఎంజైము పనిని చెడగొట్టి, పోగులు తెగిపోయేలా చేస్తుంది. దీని మొత్తం మోతాదు ఎక్కువైతే గుండె కండరం దెబ్బతింటుంది కాబట్టి జీవితకాలానికి ఒక హద్దు పెడతారు. మూడవది విన్‌క్రిస్టిన్. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు మొక్కలో దొరికే పదార్థం ఇది. కణవిభజనలో క్రోమోజోములను చెరోవైపుకు లాగే కండె పోగులు ఏర్పడకుండా చేస్తుంది. దీని వల్ల వేళ్ళు తిమ్మిరెక్కవచ్చు. నాలుగవది ప్రెడ్నిసోలోన్ అనే స్టిరాయిడ్ మాత్ర. లింఫోసైట్లు తమంతట తాము చనిపోయేలా చేసే గుణం దీనికుంది.

ఒక్క మందు చాలదా? చాలదు. కోట్ల కణాల్లో ఏ కొన్నో ఒక మందును తట్టుకునేవి ఉంటాయి. అవే మళ్ళీ పెరుగుతాయి. 1942 నాటి రోగికి జరిగింది బహుశా ఇదే. నాలుగు చోట్ల నాలుగు దెబ్బలు తగిలితే అన్నిటినీ తప్పించుకునే కణం అరుదు.

మరి ఒకేసారి కాక, సాధారణంగా 21 రోజులకోసారి చొప్పున ఆరుసార్లు ఎందుకివ్వాలి? ఈ మందులు వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీస్తాయి. జుట్టు ఊడేది, నోరు పూసేది, ఎముక మూలుగ దెబ్బతిని తెల్లకణాలు తగ్గేది అందుకే. మూలుగ కోలుకోవడానికి వ్యవధి కావాలి. రెండో కారణానికి చిన్న లెక్క చేద్దాం. ఒక గడ్డలో 100 కోట్ల కణాలున్నాయనుకోండి. ఒక్కో విడత 99 శాతం కణాలను చంపుతుందనుకుందాం. మొదటి విడత తర్వాత కోటి మిగులుతాయి. రెండో విడతకు లక్ష. చేతికి గడ్డ తగలదు, స్కానులో కూడా కనిపించకపోవచ్చు. కాని లక్ష కణాలు సజీవంగానే ఉన్నాయి! మూడో విడతకు వెయ్యి, నాలుగుకు పది. అసలు శరీరంలో లెక్క ఇంత నున్నగా సాగదు గాని సూత్రం ఇదే. గడ్డ కరిగింది కదా అని రెండో విడతతో మందు మానేయడం ఎంత ప్రమాదమో ఈ లెక్కే చెబుతుంది.

1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్ మరో అడుగు ముందుకు వేసింది. బి కణాల మీద సీడీ20 అనే ప్రోటీను ఉంటుంది. రిటుక్సిమాబ్ ఆ ప్రోటీనుకు అతుక్కునే ప్రతిరక్షకం. అది అతుక్కున్న కణాన్ని మన రోగనిరోధక వ్యవస్థే చంపేస్తుంది. మంచి బి కణాలూ పోతాయి. అయితే వాటిని పుట్టించే మూలకణాల మీద సీడీ20 లేదు కాబట్టి కొన్ని నెలల్లో కొత్తవి వస్తాయి. 2002లో ఫ్రెంచి పరిశోధకులు వయసు మళ్ళిన రోగుల మీద జరిపిన అధ్యయనంలో, చాప్ మాత్రమే ఇచ్చినవారిలో రెండేళ్ళకు 57 శాతం మంది బతికి ఉంటే, రిటుక్సిమాబ్ కలిపి ఇచ్చినవారిలో 70 శాతం మంది బతికి ఉన్నారు.

ఇంకో వింత వినండి. జీర్ణాశయంలో నెమ్మదిగా పెరిగే ఒక రకం లింఫోమా, అక్కడ తిష్ఠ వేసిన హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియాను యాంటీబయాటిక్‌లతో తొలగిస్తే చాలామందిలో తగ్గిపోతుందని 1993లో తేలింది. సరైన రకాన్ని గుర్తించడం ఎంత ముఖ్యమో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఇవాళ తొలి దశలోని హాడ్జ్‌కిన్ లింఫోమా పదింట తొమ్మిది మందికి నయమవుతుంది. వేగంగా పెరిగే నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమాల్లో ఎక్కువగా కనిపించే రకం సగం కంటె ఎక్కువమందికి నయమవుతుంది. నెమ్మదిగా పెరిగేవి పూర్తిగా పోకపోయినా, రోగి ఏళ్ళ తరబడి తన పని తాను చేసుకుంటూ బతకగలడు. అందరూ బతుకుతారని కాదు. కొన్ని రకాలు ఇప్పటికీ మొండివే. కాని పేరు వినగానే రోజులు లెక్కపెట్టే కాలం పోయింది.

సినిమా మరచిపోయిన ప్రశ్న

విమర్శలో ఇదే ముఖ్యమైన మాట. ‘ఆనంద్’ మొదట్లో భాస్కర్ పాత్ర వేసే ప్రశ్న చాలా లోతైనది. తిండి లేనివాడికి మందు రాసి ఏం ప్రయోజనం? వైద్యం అందేది ఎవరికి? దర్శకుడికి వైద్యం గురించి పట్టింపు లేదనడానికి వీల్లేదని ఆ దృశ్యాలే రుజువు చేస్తాయి. కాని ఆనంద్ రాగానే ఆ ప్రశ్న తెర వెనక్కి పోతుంది. చావు ముందు బీదా గొప్పా లేదన్న వేదాంతం ముందుకు వస్తుంది. జీవితం పొడవుగా ఉండటం కాదు, నిండుగా ఉండటం ముఖ్యమని ఆ చిత్రం సారాంశం. మాట అందమైనదే. కాని మందు ఉండీ అందక చనిపోయేవాడికి ఆ మాట చెప్పడం న్యాయమేనా?

1971లో లింఫోమాకు కొరత జ్ఞానానిది. ఇవాళ కొరత ఎక్కువగా అందుబాటుది. చాప్ మందులు పాతవి, మన దేశంలోనే తయారవుతున్నాయి. రిటుక్సిమాబ్ మొదట్లో మామూలు కుటుంబం కొనలేని ధరలో ఉండేది. 2007లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ అదే తరహా మందును ‘రెడిటక్స్’ పేరుతో తక్కువ ధరకు తెచ్చింది. అదే సంవత్సరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదలకు కేన్సర్ వైద్యాన్ని కూడా చేర్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిటుక్సిమాబ్‌ను అత్యవసర మందుల జాబితాలో పెట్టింది.

2023లో మరో సంగతి జరిగింది. రోగి టి కణాలను బయటికి తీసి, బి కణాల మీది సీడీ19 ప్రోటీనును గుర్తుపట్టే జన్యువును వాటిలో చేర్చి, తిరిగి రోగికే ఎక్కించే వైద్యాన్ని ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ వైద్యులు, శాస్త్రజ్ఞులు కలిసి రూపొందించారు. ఇతర మందులకు లొంగని కొన్ని లింఫోమాలకు, ల్యుకీమియాలకు వాడటానికి ఆ ఏడాది అక్టోబరులో మన దేశంలో అనుమతి లభించింది. విదేశాల్లో కోట్లు పలికే ఈ వైద్యం ఇక్కడ దాదాపు పదో వంతు ఖర్చుతో అవుతోంది. అయినా అది లక్షల్లోనే ఉంది. అంటే భాస్కర్ మొదటి ప్రశ్న ఇంకా తీరలేదు. ఆనంద్ చనిపోయింది కూడా ఆ బొంబాయి నగరంలోనే. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, సినిమా ఏ దారి వదిలేసిందో తెలుస్తుంది.

మన తెలుగు సినిమాలదీ ఇదే ధోరణి. 1981 నాటి ‘ప్రేమాభిషేకం’లో కేన్సర్ వచ్చిన కథానాయకుడి త్యాగమే కథ, చికిత్స కాదు. తెర మీద కేన్సర్ తొందరగా త్యాగాన్నో వేదాంతాన్నో పుట్టిస్తుంది, బయాప్సీని మాత్రం గుర్తు చేయదు. బయట జరిగే నష్టం ఇక్కడే ఉంది. ఎలాగూ చావే గదా అనుకున్నవాడు పరీక్షకే వెళ్ళడు. ఇంట్లోవాళ్ళు జబ్బు పేరు దాచిపెడతారు. మన దేశంలో క్షయ ఎక్కువ కాబట్టి, మెడలో బిళ్ళ కనబడగానే బయాప్సీ లేకుండా క్షయ మందులు మొదలుపెట్టి విలువైన నెలలు పోగొట్టుకోవడం కూడా ఉంది.

మరి సినిమా చూడవచ్చా?

తప్పకుండా చూడండి. చావును ఎదుర్కొనే మనిషిని అంత హుందాగా చూపిన చిత్రాలు మనకు తక్కువ. రోగికి అతని జబ్బు పేరు దాచకుండా చెప్పవచ్చునని, తెలిసినా అతను కుప్పకూలిపోడని చూపడం ఆ రోజుల్లో సాహసమే. కాని దాన్ని చావు గురించిన కథగా చూడండి, లింఫోమా గురించిన పాఠంగా కాదు.

మెడలోనో చంకలోనో గజ్జలోనో నొప్పి లేని బిళ్ళ మూడు నాలుగు వారాలైనా తగ్గకపోతే, కారణం తెలియని జ్వరం, రాత్రిపూట బట్టలు తడిసే చెమటలు, బరువు తగ్గడం ఉంటే డాక్టరుకు చూపించాలి. అలాంటి బిళ్ళల్లో ఎక్కువభాగం కేన్సర్ కావు. ఏది అవునో కాదో తేల్చేది కణుపు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసే బయాప్సీయే. ఒకవేళ లింఫోమా అని తేలితే మీరు అడగవలసింది ఎన్ని నెలలు బతుకుతారని కాదు. ఏ రకం, ఏ దశ, ఏ మందులు, ఎన్ని విడతలు, ఖర్చుకు దారేమిటి? ఈ అయిదు ప్రశ్నల్లో ఒక్కటీ ‘ఆనంద్’లో ఎవరూ అడగలేదు. మీరు అడగండి.